పైన ఉండే మనిషి

మా మామగారు పోయారని చుట్టాలకు ఫోన్లు చేసే పని నాకు పడింది. ఎవరికి చేసినా అవతలి నుంచి వచ్చిన మొదటి మాట ఒక్కటే: "అయ్యో, సముద్రంలోనా?" కాదండీ, సోఫాలో అని చెప్పుకోవాల్సి వచ్చింది. ఆదివారం మధ్యాహ్నం రాగిముద్ద, కోడికూర తృప్తిగా తిని, టీవీలో క్రికెట్ పెట్టుకుని, కాళ్ళు చాపి కూర్చున్న మనిషి కూర్చున్నట్టే వెళ్ళిపోయారు. తలంతా నెరిసినా ఈటెతో చేపలు కొట్టే వేటకని సముద్రానికి పోయే మనిషి ఇలా సోఫాలో పోవడం చాలామందికి మింగుడు పడలేదు. ఒకరిద్దరి గొంతులో కాస్త నిరాశ కూడా వినిపించింది. ఆ ఫోన్ల మధ్యలో నాకు నవ్వొచ్చింది, ఆ వెనకే ఏడుపొచ్చింది. ఆయనైతే నవ్వునే ఉంచుకోమనేవారు.

ఈ వేట సంగతి తెలియనివారికి రెండు మాటలు చెప్పాలి. ఇందులో వీపుకి సిలిండర్ ఉండదు. ఒక్క ఊపిరి బిగబట్టి నీళ్ళ అడుక్కి దిగాలి, రబ్బరు లాగి వదిలే స్పియర్ గన్‌తో చేపను కొట్టాలి, ఊపిరి చాలకుండా పోయేలోపు పైకి రావాలి. సముద్రమే లేని బెంగళూరులో ఈ పిచ్చి ఉన్నవాళ్ళం కొద్దిమందిమి ఒకచోట చేరాం. సెలవులు కలిసొచ్చినప్పుడల్లా వ్యాను మాట్లాడుకుని పడమటి తీరంలోని ఒక చిన్న రేవుకు పోతాం. అక్కడి జాలర్లను అడిగి, వాళ్ళు సరేనన్న చోటే దిగుతాం, వండుకు తినేంతే పడతాం. ఎప్పుడూ జోడీలుగానే. ఒకరు కిందకి దిగితే ఇంకొకరు పైన తేలుతూ కాపు కాయాలి. మాలో ఎవరు దిగినా పైన ఉండేది మాత్రం మామగారే.

అందుకే పదోరోజు భోజనాల దగ్గర బెళ్ళందూరులో ఉండే మా ఇంజినీరు ఆ ప్రశ్న అడిగాడు. గుంటూరు అబ్బాయి, మా గుంపులో అందరికంటే ఎక్కువ దూకుడున్నవాడు. విస్తరి ముందు కూర్చుని, గారె తుంచబోయి ఆగి, "అక్కా, ఇకనుంచి పైన ఎవరుంటారు?" అన్నాడు. ఆయన లేకుండా దిగడానికి ఎవరికీ ధైర్యం లేదు, ఆయన నేర్పినదాన్ని మానేయడానికి మనసూ లేదు. మా గుంపు ఉంటుందో విడిపోతుందో ఆ రోజు నాకు నిజంగా తెలియలేదు.

మాది విజయవాడ. పెళ్ళిచూపుల్లో అందరూ నా జీతం, నా జాతకం అడిగితే మామగారు ఈత వచ్చా అని అడిగారు. రాదంటే నిజంగా బాధపడ్డారు. పోనీ ఆయనేమైనా కడలి ఒడ్డున పుట్టారా అంటే అదీ కాదు. దొడ్డబళ్ళాపురంలో మగ్గాలున్న ఇంట్లో పుట్టి, బెంగళూరులో చీరల దుకాణం పెట్టుకున్న మనిషి. సముద్రం ఎలా పట్టుకుంది మిమ్మల్ని అని అడిగితే, "మా ఇంట్లో మగ్గాల సద్దుకి ఒకరి మాట ఒకరికి వినపడేదే లేదమ్మా. నీళ్ళ కింద మొదటిసారి నా చెవులు నాకు దొరికినాయి" అన్నారు. ఇంకా కారణాలు ఉండే ఉంటాయి. నాకు అది చాలనిపించింది.

పెళ్ళయిన కొత్తలోనే నన్ను చందాపుర దగ్గర ఒక స్విమ్మింగ్ పూల్‌కి తీసుకెళ్ళడం మొదలుపెట్టారు. ఈత వచ్చాక ఊపిరి బిగబట్టడం నేర్పుతారనుకున్నాను. నేర్పలేదు. ఎవరో ఒకరిని నీళ్ళ అడుక్కి పంపి, నన్ను పైన పడుకోబెట్టి చూడమనేవారు. వారాలపాటు అదే పని. విసుగొచ్చి, "నేనెప్పుడు దిగేది మామయ్యా?" అని అడిగాను.

"కిందకి పోయేది సరదా అమ్మా. పైన ఉండేది పని. పని రానోళ్ళకి నా దగ్గర సరదా లేదు" అన్నారు.

ఆ పని ఏమిటో మెల్లగా అర్థమైంది. దిగిన మనిషి తల నీళ్ళ పైకి రాగానే గండం గడిచిందని అందరూ అనుకుంటారు. అసలు గండం అప్పుడే. పైకొచ్చిన మనిషి నవ్వుతాడు, చెయ్యి ఊపుతాడు, అంతలోనే స్పృహ తప్పి చప్పుడు లేకుండా మునిగిపోతాడు. అందుకని పైకొచ్చినవాళ్ళు రెండు మూడు ఊపిర్లు తీసుకోగానే మామగారు ఒక ప్రశ్న వేసేవారు: "పొద్దున ఏం తింటివి?" సరైన జవాబు చెప్తేనే తెలివిలో ఉన్నట్టు లెక్క. చెప్పాక కూడా కాసేపు చూపు తిప్పేవారు కాదు. దీనికోసం రేవు దగ్గర హోటల్లో మాకు ఒక శిక్ష ఉండేది. అందరూ ఒకటే టిఫిన్ తినకూడదు. ఒకరు ఇడ్లీ అంటే ఇంకొకరు పూరీ, మరొకరు ఉప్పిట్టు, అంటే ఉప్మా. ఎవరు ఏది తిన్నారో ఆయనకు కంఠతా వచ్చు. వేడి దోసె కళ్ళముందు పోతుంటే నేను చల్లారిన ఇడ్లీ తిన్న రోజులున్నాయి.

జాగ్రత్త ఇంట్లోనూ వదిలేవారు కాదు. డాబా మీద స్పియర్ గన్ కడుగుతున్నప్పుడు రబ్బరు లాగి ఉండదు, మొనకి బిరడా గుచ్చి ఉంటుంది. అయినా దాని ముందునుంచి ఎవరూ నడవకూడదు. ఉతికిన బట్టల బకెట్ పట్టుకుని మా అత్తగారు రెండో వైపునుంచి చుట్టుకు రావాలి. "గుడ్డలు ఆరేసేదానికి కూడా మీ పర్మిషన్ కావల్నా?" అని ఆవిడ అరిచేది. "స్వల్ప తిరిగి రావే, నీకూ వాకింగ్ అయితాది" అని ఈయన జవాబు. గొణుక్కుంటూనే తిరిగి వచ్చేది.

ఇంజినీరు గురించి చెప్పాను కదా. ఒకసారి అతను మా అందరి చేపలూ కలిపినా సరితూగనంత వంజరాన్ని కొట్టాడు. పడవ పక్కనే పైకి తేలి, చేపను రెండు చేతులా ఎత్తి కేక పెట్టాడు. పడవలో ఉన్న మేమంతా ఈలలు, చప్పట్లు. ఫోన్లు బయటికొచ్చాయి. అందరం చేపనే చూస్తున్నాం. మామగారొక్కరు నీళ్ళలో అతని పక్కనే తేలుతూ అతని పెదాలు చూస్తున్నారు.

"ఏమప్పా, పొద్దున ఏం తింటివి?"

అతను నవ్వుతూనే ఉన్నాడు. జవాబు లేదు. చేప చేతుల్లోంచి జారిపోయింది, ఆ వెంటనే తల వాలిపోయింది. నోట్లోకి నీళ్ళు పోకముందే మామగారి చెయ్యి అతని గడ్డం కింద ఉంది. మాస్కు లాగేసి, బుగ్గల మీద తట్టి, మొహం మీద ఊదుతూ, "ఊపిరి తీయప్పా, ఊపిరి తీయి" అంటున్నారు. ఏం జరుగుతోందో మాకు తెలిసేలోపు అతను గట్టిగా ఊపిరి లాగాడు. కళ్ళు తెరిచి, బుద్ధిగా, "ఇడ్లీ" అన్నాడు.

మామగారు తల అడ్డంగా ఊపారు. "ఇడ్లీ తినింది మా కోడలు. నువ్వు తినింది ఉప్పిట్టు. ఎక్కించండప్పా వీణ్ణి పడవకి. ఈ పొద్దుకి సాకు, చాలు, అందరికీ."

ఒడ్డుకు వచ్చాక అతణ్ణి ఆస్పత్రికి తీసుకెళ్ళి చూపించి, అంతా బాగుందన్నాకే మామగారు కూర్చున్నారు. ఆ ఇంజినీరు మాత్రం పోయిన వంజరం కోసం కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. "చేప మళ్ళా వస్తాది లేప్పా. మీ అమ్మకి ఫోన్ చేసే పని మాత్రం నాకు పెట్టద్దు" అన్నారు ఆయన, కోపం లేకుండా. ఆ రాత్రి బజారులో కొన్న చేపలతో పులుసు పెట్టుకున్నాం. చేప తలకాయ పైన కాపు కాసినవారికే చెందాలని ఆయన పెట్టిన రూలు ఒకటుంది. ఎప్పుడూ పైన ఉండేది తనే కాబట్టి ఎప్పుడూ తలకాయలు తినేదీ తనే. కొన్న చేపకి కూడా రూలు వర్తిస్తుందా అని అడిగితే, పళ్ళెం కాస్త తన వైపుకు జరుపుకున్నారు.

ఆయన పోయాక నెల గడిచినా మాలో ఎవరూ ప్రయాణం మాట ఎత్తలేదు. చివరికి ఎత్తింది మా అత్తగారు. ఆయన పోయిన ఆ ఆదివారం, కాఫీ తెచ్చి ఎంత పిలిచినా పలక్కపోయేసరికి ఆవిడ భుజం పట్టి కుదిపి, "మధ్యాహ్నం ఏం తింటిరి?" అని అడిగిందట. నాకు చెప్తూ నవ్వింది, కొంగుతో కళ్ళు తుడుచుకుంది. తర్వాత, "ఇంట్లో కూచుని ఏం చేస్తా ఉండారు మీరంతా? ఆయన అంత కష్టపడి నేర్పించింది ఎవరికి, నాకా? పోండి" అని తిట్టింది. ఆ తిట్టుతోనే వ్యాను మాట్లాడాం.

పోయిన వారం వెళ్ళాం. ఈసారి మా ఆయన కూడా వచ్చాడు. ఆయనకి ఈత రాదు, నీళ్ళంటే భయం, వాళ్ళ నాన్న ఎంత బతిమాలినా ఏనాడూ పడవెక్కలేదు. ఆ రోజు ఎవరూ అడక్కుండానే ఎక్కి కూర్చున్నాడు.

మామూలుగా పడవ ఆగీ ఆగకముందే ముందు నేను దిగుతానంటే నేనని కొట్టుకునేవాళ్ళం. ఆ రోజు పడవ ఆగింది. ఇంజినీరు గొంతు సవరించుకుని, "నేను పైనుంటా" అన్నాడు. "కాదు, నేనుంటా" అని ఇంకొకరు. అలా ఒక్కొక్కరూ. పైన ఉండే పని కోసం పెద్ద గొడవే అయింది. మీలో చేపలు పట్టేవాళ్ళు ఎవరైనా ఉన్నారా, లేక స్నానానికొచ్చారా అని పడవాయన కన్నడలో అడిగాడు. అందరం పగలబడి నవ్వాం. ఆఖరికి వాళ్ళంతా ఒకటై నన్ను కిందకి తోసేశారు.

చాలా రోజుల తర్వాత ఆ నిశ్శబ్దంలోకి దిగాను. రాళ్ళ పక్కన ఏవో చేపలు కదిలాయి. గురి పెట్టాలనిపించలేదు. పైకి వద్దామని తల ఎత్తాను. ఎండ పడుతున్న నీళ్ళ మీద మా వాళ్ళంతా గుండ్రంగా తేలుతున్నారు, అందరి మొహాలూ నా వైపే. పడవ అంచునుంచి ఇంకొక మొహం కూడా నీళ్ళలోకి వేలాడుతోంది. మా ఆయన పడవలో బోర్లా పడుకుని, రెండు చేతులతో అంచు గట్టిగా పట్టుకుని, వాళ్ళ నాన్న మాస్కు పెట్టుకుని, రెప్ప వేయకుండా నన్నే చూస్తున్నాడు.