ఇత్తడి కడియాల బల్ల

సుశీలమ్మ కొత్తింట్లోకి మంచం కన్నా ముందు జంపకానాలు వచ్చాయి. లోకంలో ఎవరైనా ముందు మంచం చూసుకుంటారు, బీరువా చూసుకుంటారు. ఈమె మాత్రం తలుపులకు వేసిన రంగు ఆరకముందే, మోపెడ్ మీద జంపకానాలు అమ్ముకునే అబ్దుల్ సలాంను వీధి మొదట్లోనే ఆపేసింది. నేతలో తప్పు పడినవీ, అంచు తెగినవీ చవగ్గా ఇస్తాడని అవే ఏరుకుంది.

"పండుకునేకి ఏంది, యాడైనా పండుకుంటా అఫ్సానా. వచ్చినోళ్ళు కూర్చోవల్ల కదా" అంది నాతో.

అఫ్సానా అంటే నేనే. జమ్మలమడుగు బయట ఈ కాలనీలో ఆమెదీ నాదీ పక్కపక్క ఇళ్ళు. మా ఆయన కువైట్‌లో బండి తోలుతాడు, నేను ఇంట్లో కుట్టుమిషను తొక్కుతాను. ఆ తెగిన అంచులన్నీ మడిచి కుట్టింది నేనే. పెద్ద గదికి సరిపోయే జంపకానా కొనాలంటే మాటలు కాదు. అందుకని నాలుగు ముక్కలు కలిపి గోడ నుంచి గోడ దాకా ఒకటే చేశాం. ఎరుపు పక్కన నీలం, నీలం పక్కన ఆకుపచ్చ. చూసేదానికి అదే నమూనా అన్నట్టు కుదిరింది.

సుశీలమ్మది లింగాల పక్క పల్లె. మొగుడు పోయాక వయసులో ఉండగానే ఇక్కడి ఆస్పత్రిలో ఆయాగా చేరింది. పిల్లలు లేరు. తల నెరిసేదాకా ఉన్నది ఒక్క గదిలో. ఆ గదిలో మంచం వాలిస్తే తలుపు పూర్తిగా తెరుచుకునేది కాదు. వాళ్ళ చర్చి వాళ్ళకు ప్రతి శుక్రవారం సాయంత్రం ఒకరింట్లో ప్రార్థన కూడిక ఉంటుంది. ఈ వారం వీళ్ళింట్లో అయితే వచ్చే వారం వాళ్ళింట్లో. అందరి ఇళ్ళకూ పోయిన కూడిక ఆమె గదికి మాత్రం ఏనాడూ రాలేదు. ఎవరూ రామనలేదు, వస్తామనీ అనలేదు. ఆమె మాత్రం అందరికన్నా ముందే పోయి వాళ్ళ ఇల్లు ఊడ్చేది, జంపకానా పరిచేది, పాటల పుస్తకాలు పంచేది. పంచేసి వచ్చి గడప దగ్గర, చెప్పుల పక్కన కూర్చునేది. అయిపోయాక లోటాలు కడిగి ఇంటికి వచ్చేది. ఇది తలుచుకుంటే నాకిప్పటికీ ఒళ్ళు మండుతుంది. ఆమెకు మండేది కాదు. ఒక్కటే ఆశ, తన ఇంట్లో ఒక్కసారైనా కూడిక జరగాలి, వచ్చినవాళ్ళు తన ఇంట్లో కూర్చోవాలి.

ఇల్లు కట్టి చూడమన్నారు పెద్దలు. కట్టినాక నింపి చూడమని ఎవరూ అనలేదు గానీ, అసలు కష్టం అక్కడే ఉంది. పులివెందులలో ఒకాయన బదిలీ మీద పోతూ సామాన్లు అమ్ముతున్నాడని తెలిసి, తుమ్మలపల్లె గనిలో పనిచేసే ఆమె అక్క కొడుకు ఫోన్ చేశాడు. బస్సెక్కి పోయి, వైర్లు తెగిపోయిన ఇనుప కుర్చీలు తెచ్చుకుంది. కొత్త వైరు కొని సాయంత్రాలు అరుగు మీద కూర్చుని తనే అల్లింది. నా దగ్గర మిగిలిన చీర గుడ్డలు కిటికీ తెరలయ్యాయి. బీరువా అద్దం పగిలిందని ఎవరో పారేయబోతే, అది తెచ్చుకుని, అద్దం ఉన్నచోట పూల గుడ్డ అంటించింది. ఇంటికి ఒక్కో వస్తువు వచ్చినప్పుడల్లా నన్ను పిలిచి చూపించేది. నేనేమో, "రాణిగారి దర్బారు తయారైతాంది" అని ఏడిపించేదాన్ని.

ఆఖరుకు పొద్దుటూరులో మా మామ అబ్దుల్ వాహిద్ అంగడికి తీసుకుపోయాను. పాత తలుపులు, పాత మంచాలు, పడగొట్టిన ఇళ్ళ దూలాలు కొని బాగుచేసి అమ్ముతాడు మా మామ. సుశీలమ్మ ఒక మంచం దగ్గర ఆగి, మేమందరం అడిగే ప్రశ్నే అడిగింది.

"ఇది ఎవురింటిదప్పా? దీని మీద ఎవురన్నా పోయినారా?"

మా మామ అబద్ధం చెప్పడు. "ముసలాయన శానా దినాలు దీని మీదే ఉండి పోయినాడమ్మా" అన్నాడు. ఆమె చటుక్కున చెయ్యి వెనక్కి తీసుకుంది. మా వైపు ఏ మతం వాళ్ళైనా అంతే. మనిషి పోయిన మంచం ఎంత చవగ్గా వచ్చినా గుమ్మం దాటనివ్వరు.

ఆ మంచం వెనకాలే ఉంది బల్ల. పొడుగాటి టేకు బల్ల, వీపు ఆనించుకునే చెక్క లేదు. నాలుగు మూలలా లావు కడియాలు, మట్టి పట్టి నల్లగా ఉన్నాయి. "యాడిదో పాత కట్టెలతో వచ్చింది. ఉయ్యాలగా ఏలాడదీసుకొని ఉంటారు" అన్నాడు మామ. సుశీలమ్మకు అది కంటికి నచ్చేసింది. నలుగురు దర్జాగా కూర్చోవచ్చు. మంచం గురించి అంత గుచ్చి గుచ్చి అడిగిన మనిషి బల్ల గురించి ఒక్క మాటా అడగలేదు. అడగాలని నాకూ తోచలేదు. బల్ల మీద ఎవరు చస్తారు?

ఇంటికి తెచ్చాక దాన్ని కడిగి, నూనె పట్టించి, కడియాలను చింతపండుతో తోమింది. ఇత్తడివి! బంగారంలా తేలాయి. ఎదురు గోడకు ఆనించి వేసింది. ఇల్లు ఎంత బాగుందంటే, నా ఇంట్లోకి పోబుద్ధి కాలేదు నాకు.

ఆమె అడగ్గా, ఆ శుక్రవారం సాయంత్రం కూడిక ఆమె ఇంటికే వచ్చింది. వంటగదిలో బొరుగులతో ఉగ్గాని కలుపుతూ నేను తలుపు సందులోంచి చూస్తున్నాను. ముందుగా వచ్చింది వరమ్మ. రిటైరైన టీచరు, వాళ్ళ స్త్రీల సంఘానికి పెద్ద. "శానా బాగుంది సుశీలా, చెప్పనే లేదే" అంటూ నవ్వుతూ లోపలికి వచ్చింది. ఆమె చూపు బల్ల మీద పడింది. కడియాల మీద పడింది. నవ్వు ఆరిపోయింది.

"ఈడ కూర్చో వరమ్మక్కా. నీ మోకాళ్ళకని ఎత్తుది తెచ్చినా" అంది సుశీలమ్మ.

"వద్దులేమ్మా. కిందనే బాగుంటాది."

మోకాళ్ళ నొప్పితో మెట్లు కూడా ఎక్కలేని మనిషి, గోడ పట్టుకుని మూలుగుతూ జంపకానా మీద కూలబడింది. వెనక వచ్చినవాళ్ళూ అంతే. బల్లను చూడడం, పక్కవాళ్ళను చూడడం, గమ్మున ఇటువైపు గోడకు జరగడం. వైరు కుర్చీలు నిండాయి. జంపకానా మీద ఒకరి మీద ఒకరు పడేటట్టు కూర్చున్నారు. చోటు చాలనివాళ్ళు బయట నిలబడ్డారు గానీ, బల్ల మీదికి ఒక్కరూ పోలేదు. సుశీలమ్మ పుస్తకాలు పంచి, అలవాటు కొద్దీ పోయి గడప దగ్గర, చెప్పుల పక్కన కూర్చుంది. సొంత ఇంట్లో!

ఒక్క పాటతో, చిన్న ప్రార్థనతో ముగించారు. ఉగ్గాని పళ్ళెం ముట్టకుండానే "ఇంకోసారి తింటాంలేమ్మా" అని లేచిపోయారు.

అందరూ పోయాక ఆమె నిండు గిన్నె ముందర కూర్చుంది. "పాత సామాన్లని చిన్నచూపు చూసినారు అఫ్సానా. కొత్తవి కొనే తాహతు నాకు యాడుంది?" అని కళ్ళు తుడుచుకుంది. ఆ పూట ఆమె ముఖం చూడలేకపోయాను. ఉగ్గాని గిన్నె తీసి పక్కన పెట్టాను.

మరుసటి రోజు పొద్దున్నే వరమ్మ ఇంటికి పోయి అడిగేశాను. నా నోరు ఊరుకునే రకం కాదు. "మీ గొప్పలు మీ ఇండ్లల్లో పెట్టుకోండి టీచరమ్మా. పేదామె కడుపు కట్టుకొని కొన్న సామాన్లను అట్ల ఎగాదిగా చూస్తారా?" అన్నాను.

నాకు ఎదురు జవాబు వస్తుందనుకున్నాను. వరమ్మ ఏడ్చింది.

"అది ఉయ్యాల బల్ల కాదమ్మా. వ్యాన్లు లేని కాలంలో మావాళ్ళ శవపెట్టెను దాని మీద పెట్టి, ఆ కడియాల్లో తాడు దూర్చి కట్టి, బొంగులు తొడిగి పెన్న ఇసకలో స్మశానానికి మోసుకపోయేటోళ్ళు. మా అమ్మను దాని మీదనే కట్టినారు. నేను చూస్తానే ఉన్నా. మా చర్చి వెనక షెడ్డు పడగొట్టినప్పుడు కట్టెలతో పాటు పోయింది. సుశీల లింగాల నుంచి వచ్చేటప్పటికే వ్యాను వచ్చేసింది, ఆ యమ్మకు తెలీదు. ఎట్ల చెప్పేది? కొత్తింట్లోకి శవం బల్ల తెచ్చుకున్నావని నోరెట్ల వచ్చేది?"

నా కోపమంతా చల్లారిపోయింది. మా మసీదులోనూ శవాన్ని మోసే జనాజా ఉంటుంది. అందరం దాని మీద పోవలసినవాళ్ళమే, అయినా ఎవరూ దాన్ని ఇంటికి తెచ్చుకోరు. మొన్ననే దాని మీద కూర్చుని తెరలకు కుట్లు వేశాను.

సుశీలమ్మకు చెప్పక తప్పలేదు. ఆమె ఒక అడుగు వెనక్కి వేసింది. బల్లను దూరం నుంచే చూసింది. "మా మామ వెనక్కి తీసుకుంటాడులే అక్కా, వేరేది ఇస్తాడు. ఇది ఈడుంటే నీ ఇంటికి ఎవరూ రారు" అన్నాను. సరేనంది. నేనే ఆటో పిలిపించాను.

ఆటోలోకి ఎత్తేముందు ఆమె బల్లను తడిగుడ్డతో తుడవడం మొదలుపెట్టింది. తల వైపు తుడిచింది, కాళ్ళ వైపు తుడిచింది. తుడుస్తూ తుడుస్తూ ఆగిపోయింది.

"వద్దు అఫ్సానా. ఆటోను పంపించెయ్."

"పిచ్చా నీకు?"

"ఆస్పత్రిలో పోయినోళ్ళకు కడసారి నీళ్ళు పోసింది ఈ చేతులే" అంది, రెండు చేతులూ నా ముందు చాపి. "వరమ్మక్క మొగునికి నేనే పోసినా. అదే వారం ఆమె ఇంట్లో ఈ చేతులతోనే టీ ఇస్తే తాగినారు అందరూ. ఈ చేతుల్ని ఎవురూ తీసి పారేయమన్లా. ఇది నా మాదిరిదే. దీన్ని నేను పంపీను."

ఆటో ఖాళీగా పోయింది. ఆ సాయంత్రమే ఆమె నన్ను వెంటబెట్టుకుని వరమ్మ ఇంటికి పోయి, వచ్చే శుక్రవారం కూడిక మళ్ళీ తన ఇంట్లోనే కావాలని అడిగింది. బల్ల అక్కడే ఉంటుందనీ, ఇష్టమున్నవాళ్ళే రావచ్చనీ చెప్పింది. ఆమె గొంతు అంత గట్టిగా వినడం నాకు అదే మొదలు. ఎవరూ రాకపోతే ఇక ఎప్పటికీ రారని ఆమెకూ తెలుసు, నాకూ తెలుసు.

శుక్రవారం సగం మందే వచ్చారు. వరమ్మ వచ్చింది గానీ, మళ్ళీ ఆ గోడకే పోయి కూర్చుంది. బల్ల ఖాళీగా ఉంది. సుశీలమ్మ గడప దగ్గర తల వంచుకుని కూర్చుంది. పాట మొదలు కాబోతుండగా వాకిట్లో ఆటో ఆగింది. చేతికట్టె ఊతంగా పెట్టుకుని దేవపాలు దిగాడు. వాళ్ళ చర్చిలో అందరికన్నా పెద్దాయన, ఒకప్పుడు ఆస్పత్రిలో కాంపౌండరు. వయసు మీద పడి ఇల్లు కదలడం ఎప్పుడో మానేశాడు. చూపు కూడా మసకే. బల్ల సంగతి ఎవరి నోట విన్నాడో.

"ఆ బల్ల యాడుంది?" అన్నాడు.

సుశీలమ్మ లేచి చెయ్యి పట్టుకుని తీసుకుపోయింది. ఆయన వంగి మూలమూలా తడుముకుంటూ పోయి, తల వైపు కుడి కడియం దగ్గర ఆగాడు. గుప్పిట్లో పట్టుకుని వదల్లేదు.

"ఇదే. నేను పట్టుకున్నది ఇదే" అన్నాడు. "నా సలోమి తొలికాన్పులో పోయింది. బిడ్డను కూడా ఆమె పక్కనే పెట్టి కట్టినారు. ఇసకలో కాళ్ళు దిగబడతాంటే బొంగు జారె. నేను ఈ కడియం పట్టుకొని కడదాకా పోతి. షెడ్డు పడగొట్టి దీన్ని కట్టెలకు అమ్మినారని విన్న పొద్దు నాకు అన్నం పోలేదు. ఎవురి పొయ్యిలో కాలిపోయిందో అనుకున్యా." కడియాన్ని వేలితో రాశాడు. "ఇంత బాగా తోమింది ఎవురు?"

"నేనే అయ్యా. చింతపండుతో" అంది సుశీలమ్మ.

"మనోళ్ళందరినీ మోసింది ఇది. ఒక్కర్నీ కింద పడేయలే. దీన్ని చూసి భయమేందిరా మీకు?"

ఆయన నెమ్మదిగా తిరిగి, బల్ల మీద కూర్చున్నాడు. గదిలో ఎవరో వెక్కారు. నా కళ్ళలోనూ నీళ్ళు తిరిగాయి, దాచుకోలేదు. సుశీలమ్మ ఆయన కట్టెను గోడకు ఆనించి, మళ్ళీ గడప వైపు నడిచింది.

"యాడికి పోతాండావు?" అన్నాడు దేవపాలు. "ఈ ఇల్లు నీది కాదా? ఈడ కూర్చో."

ఆమె తటపటాయించింది. నా వైపు చూసింది. కూర్చోమని నేను కళ్ళతోనే గద్దించాను. చీర సర్దుకుని, ఆయన పక్కన, బల్ల అంచున కూర్చుంది.

అప్పుడు గోడ దగ్గర వరమ్మ కదిలింది. ఒక చెయ్యి నేలకు, ఒక చెయ్యి గోడకు ఆనించి, మోకాళ్ళ నొప్పికి పళ్ళు బిగబట్టి లేచింది. జంపకానా దాటుకుని వచ్చింది. బల్ల ముందర నిలబడి, నున్నటి ఆ చెక్క మీద అరచెయ్యి పెట్టింది. వాళ్ళమ్మ నుదురు నిమిరినట్టే నిమిరింది.

"కొంచెం జరుగు సుశీలా" అంది.

సుశీలమ్మ జరిగింది.