నేల ఆరేదాకా ఆగిన మేస్త్రి

పోయిన నెల ఒక మంగళవారం పొద్దున షట్టర్ ఎత్తుతుంటే మా మేస్త్రి కూతురు ఫోన్ చేసింది. "అక్కా, నాయిన పోయిండు" అని మాత్రం అనగలిగింది. తెల్లవారుజామున గుండెనొప్పి వచ్చిందట, దవాఖానకు చేరేలోపే ప్రాణం పోయిందట. ముందు రోజు సాయంత్రమే మా దుకాణంలో కూర్చుని, టీలో చక్కెర తక్కువైందని సణిగి వెళ్లిన మనిషి. ఎత్తిన షట్టర్ మళ్లీ దించేసి ఆ మెట్ల మీదే కూర్చుని ఏడ్చాను.

బాన్సువాడలో నేను లామినేట్ పలకల దుకాణం పెట్టి ఆరేళ్లయింది. చెక్క పొడిని గట్టిగా నొక్కి, పైన చెక్క రంగు పొర అతికించిన పలకలవి. ఇంటి నేల మీద పరిస్తే అచ్చం టేకులాగే ఉంటాయి. నీళ్లు నిలిస్తే మాత్రం అంచులు ఉబ్బి లేస్తాయి. ఈ రెండో సంగతి దుకాణం తెరిచే నాటికి నాకు సరిగా తెలియదు. నేర్పింది ఆయనే. తండాలో పుట్టి, హైదరాబాదులో ఏళ్ల తరబడి ఇదే పని చేసి, మోకాళ్లు అరిగాక సొంత ఊరికి తిరిగొచ్చిన మనిషి. కొలతలు మాత్రం తండా భాషలోనే లెక్కపెట్టుకునేవాడు. మధ్యలో పలకరిస్తే మళ్లీ మొదటి నుంచి.

మేం కలిసి వెళ్లిన మొదటి ఇల్లు ఊళ్లోనే. యజమాని రంగు కూడా ఎంచుకున్నాడు. మేస్త్రి చెప్పులు బయట విడిచి, టేపు తీయకుండా నేరుగా వంటింటి గుమ్మం దగ్గరికి వెళ్లి ఇంటావిడను అడిగాడు.

"అక్కా, ఇల్లు తుడుస్తవా, కడుగుతవా?"

"కడగకుంటే ఎట్ల? శుక్కురారం శుక్కురారం రెండు బకెట్లు గుమ్మరిస్త."

"అయితే గీ ఇంటికి గిది వద్దు. టైల్స్ ఏసుకోరి."

నాకు ఒళ్లు మండిపోయింది. రోడ్డెక్కగానే అడిగేశాను. "మన దుకాణంల టైల్స్ యాడున్నయి కాకా?"

"లెవ్వు. గానీ గా పలకలు ఉబ్బినంక, ఆమె శుక్కురారం శుక్కురారం మనల్ని తిట్టుకుంట కడుగుతది. గా తిట్లు నాకొద్దు బిడ్డా."

ఆ వారమంతా ఆయనతో ముభావంగానే ఉన్నాను. తర్వాత అదే ఇంటావిడ తన చెల్లెలి ఇంటికి మమ్మల్ని పిలిపించింది. చెల్లెలు తడిబట్ట గట్టిగా పిండి తుడిచే మనిషి.

సిటీ నుంచి కంపెనీ ఏజెంట్లు వచ్చి "మాది నీళ్లకు చెక్కుచెదరదు" అంటే మేస్త్రి వాదించేవాడు కాదు. ఒక ముక్క తీసుకుని బకెట్లో వేసి, "రేపు రా" అనేవాడు. చాలామంది రేపు వచ్చేవారు కాదు. వచ్చిన సరుకునైనా డబ్బాలు విప్పకుండా రెండు రోజులు పరవబోయే గదిలోనే ఉంచేవాడు, అక్కడి గాలికి అలవాటు పడాలని. గోడల పక్కన సందు వదిలి, పైన పట్టీతో కప్పేవాడు. ఇంటివాళ్లు సందెందుకని అడిగితే, "వానకాలం గిది ఒళ్లు చేస్తది. జాగ ఇయ్యకుంటే నడిమిట్ల లేస్తది" అని నవ్వేవాడు.

ఆయన చివరి పని వర్ని దగ్గర, కాలువ కింద పొలాల నడుమ ఒక కొత్త ఇల్లు. కోస్తా నుంచి వచ్చి స్థిరపడిన రైతు కుటుంబం. మా దుకాణానికి అంత పెద్ద పని అంతకుముందు రాలేదు. మేస్త్రి అక్కడ సిమెంటు నేల మీద ప్లాస్టిక్ కాగితం పరిచి, నాలుగు అంచులూ టేపుతో అంటించి వచ్చాడు. మర్నాడు తీస్తే అడుగున నీటి చుక్కలు. వారం ఆగి మళ్లీ చూశాడు. మళ్లీ చుక్కలే. "కింద తడి ఆరలే, ఆగాలె" అన్నాడు. అలా ఆగి ఉండగానే పోయాడు.

మూడో రోజు దినం కాగానే ఆ రైతు దుకాణానికి వచ్చాడు. "మేస్త్రిగారు మంచివారేనమ్మా, కాస్త చాదస్తం. ఆయన ఎలాగూ లేరు. ఆదివారం గృహప్రవేశం, వేరే మనుషుల్ని పెట్టి కానిచ్చెయ్యండి. కాదంటే నిజామాబాద్ నుంచి తెప్పించుకుంటాను."

అప్పటికే బజారులో "మేస్త్రి పోయిండు, ఇగ ఆమె దుకాణమేం నడుపుతది" అనుకుంటున్నారు. ఈ పని కూడా చేజారితే ఆ మాటే నిజమవుతుంది. భయం వేసింది, దాచుకోను. అయినా ప్లాస్టిక్ కాగితం పట్టుకుని వర్ని వెళ్లాను. నా చేతులతోనే అంటించి, మర్నాడు రైతు ముందే ఊడదీశాను. అడుగంతా చెమ్మ.

"ఇప్పుడైతే ఎయ్య సార్. మీరు నిజామాబాద్ నుంచి మనుషుల్ని తెచ్చినా నా మాట గిదే."

ఆయన మొహం గంటు పెట్టుకున్నాడు. ఆయన తల్లి వచ్చి ఆ కాగితం మీద అరచెయ్యి రాసి చూసుకుంది. "ముహూర్తం మనం ఇంట్లోకి రావడానికిరా, ఆ పలకలు రావడానికి కాదు" అంది.

ఆదివారం నన్నూ పిలిచారు. హాలు మధ్యలో మూడు ఇటుకల పొయ్యి మీద పాలు పెట్టారు. పొంగాయి, పొంగుతూనే ఉన్నాయి. గిన్నె మీదుగా, ఇటుకల మీదుగా వట్టి సిమెంటు నేల మీదికి జారి, పడగ్గది గుమ్మం దాకా పారాయి. రైతు ఆ పాలను చూశాడు, మేం ముందే తెచ్చి మూలన బల్ల మీద పేర్చిన పలకల డబ్బాలను చూశాడు, తర్వాత నన్ను చూశాడు. అందరూ చేతులు జోడించి నిలబడ్డారు. పెద్దావిడ చీర కుచ్చిళ్లు పైకి దోపి, పాలు కడిగెయ్యాలని నిండు బకెట్ నీళ్లు ఆ నేల మీద గుమ్మరించింది.