ఎక్కడికని అడిగిన కంప్యూటర్

దెయ్యాల్ని నేను నమ్మను. ఆ మాటకొస్తే కంప్యూటర్లనీ నమ్మను. విజయనగరంలో ఒక కాలేజీలో ఇరవయ్యేళ్లుగా ఆపరేటింగ్ సిస్టమ్స్ పాఠం చెబుతున్నవాణ్ణి, వాటి బతుకు నాకు తెలుసు. అందుకే ఈ సంగతి చెప్పాలంటే నాకే ఒళ్లు మండుతుంది.

ముందు మా అత్త గురించి చెప్పాలి. అంటే మా అక్క అత్తగారు, బావ తల్లి. ఆవిడ అరుగు మీద కూర్చుని, గడప దాటిన ప్రతి ప్రాణినీ "ఎక్కడికెల్తన్నావు?" అని నిలదీసేది. బయల్దేరేవాళ్లని అలా అడక్కూడదని, "ఎందాకా" అనాలని లోకమంతటికీ తెలుసు, ఆవిడకి తప్ప. అడిగిందంటే చెప్పులు విప్పాలి, లోపలికొచ్చి కూర్చోవాలి, మంచినీళ్లు తాగి మళ్లీ బయల్దేరాలి. ఆ ఇంట్లో అలా తాగిన నీళ్లతో రెండు పంటలు పండించొచ్చు. బావ రైళ్లు పోగొట్టుకున్నాడు, మేనకోడలు హారిక స్కూలు బస్సులు పోగొట్టుకుంది. అందరూ విసుక్కున్నవాళ్లే గానీ, ఆవిడకి జవాబు చెప్పిన పాపాన ఎవరూ పోలేదు. ఆవిడ పోయి రెండేళ్లు దాటింది.

ఇక నా పాఠం. ప్రోగ్రామ్ ఏదో పని మీద ఫంక్షన్ అనే ఒక కోడ్ ముక్క దగ్గరికి బయల్దేరుతుంది. ఆ ఫంక్షన్ గుమ్మంలో మొదటి నాలుగైదు బైట్లు పీకేసి, అక్కడ "ఇటు దూకు" అని ఒక జంప్ పెడతాం. పాపం, ప్రోగ్రామ్ వచ్చి మన కోడ్‌లో పడుతుంది. కాసేపు కూర్చోబెట్టి, పీకిన బైట్లు దాని చేతిలో పెట్టి, దాని దారిన పంపేస్తాం. దీన్ని హుకింగ్ అంటారు. మా అత్త జీవితాంతం చేసిన పని ఇదే.

బావకి కోట దగ్గర ఆన్‌లైన్ సెంటరుంది. నాకు ఊరికే ఉండబుద్ధి కాక, అతని కంప్యూటర్‌లో ఓ హుక్ పెట్టాను. ఏ దరఖాస్తు పంపబోయినా ముందు చిన్న పెట్టె తెరుచుకుని "ఎక్కడికి బావా?" అంటుంది. దాన్ని మూస్తే గానీ పని కదలదు.

మర్నాటికే లైసెన్సు కోసం వచ్చిన ఆటోవాళ్లందరూ అపశకునమని కుర్చీల్లో చతికిలబడి మంచినీళ్లు అడుగుతున్నారట. బావ ఫోన్‌లో అరిచిన అరుపుకి కొత్తవలస జంక్షన్‌లో రైళ్లు ఆగిపోయుంటాయి.

"ఒరే, నీ పాఠాలు నా కొట్లో సెప్పకు! మాయమ్మని మల్లీ తెచ్చి కూకోబెట్టీసేవేటిరా?"

హుక్ తీసేశాను. బావ నమ్మలేదు. డిస్కంతా తుడిచి, ఆపరేటింగ్ సిస్టమ్ కొత్తగా ఎక్కించాను. నా కోడ్ ఉన్న పెన్‌డ్రైవ్ అతని కళ్లముందే విరిచాను.

ఆ తర్వాత హారికకి ఇంజనీరింగ్ సీట్ల ఆప్షన్లు పెట్టాల్సిన ఆఖరి రోజు వచ్చింది. నేనూ బావా కలిసి పైనుంచి కిందిదాకా కంప్యూటర్ సైన్సే పెట్టించాం. ఆఖరి బటన్ నొక్కితే ఇక మార్చడానికి లేదు. మిట్టమధ్యాహ్నం, కొట్టునిండా జనం. పిల్ల కుర్చీలో, మేమిద్దరం వెనకాల. నొక్కింది.

పెట్టె తెరుచుకుంది. "ఎక్కడికెల్తన్నావే?"

బావ నా మెడ పట్టుకున్నాడు. నేను ఉన్న దేవుళ్లందరి మీదా ఒట్లు పెట్టాను. నేను రాసింది "బావా" అని. ఈ "ఎల్తన్నావే" నేను ఏనాడూ టైపు చెయ్యలేదు. కుర్చీలో కూర్చున్నది ఆడపిల్లని దానికి ఎవరు చెప్పారు?

హారిక మాకేసి చూడనైనా లేదు. లేచి, మంచినీళ్లు తాగి, మళ్లీ వచ్చి కూర్చుంది. ఆ పెట్టెనే చూస్తూ మెల్లిగా అంది: "వ్యవసాయ ఇంజనీరింగుకి, నాన్నమ్మా."

నా మెడ మీద చెయ్యి జారిపోయింది.

"ఏటే, నిజంగానా? మరి మాకు సెప్పవేటే?" అన్నాడు బావ.

"ఎవులడిగేరు?"

పెట్టె మూసింది. దరఖాస్తు ఇంకా వెళ్లలేదు. ఆప్షన్లన్నీ మార్చి, అప్పుడు పంపింది. కంప్యూటర్ పాఠాలు చెప్పుకుని బతికే మేనమామని పక్కనుంచుకుని!

సాయంత్రందాకా ఆ మెషీన్ మెమరీని పేలు దువ్వినట్టు దువ్వాను. ప్రతి ఫంక్షన్ గుమ్మంలోనూ బైట్లు పుట్టినప్పుడెలా ఉన్నాయో అలాగే ఉన్నాయి. దారి తప్పించే జంప్ ఒక్కటీ లేదు. పిల్ల పెట్టె మూసేలోపే సాక్ష్యానికి బావ ఫోన్‌లో ఫోటో తీశాడు గానీ, అందులో అతని బొటనవేలు బ్రహ్మాండంగా పడింది. ఆ పెట్టె ఎక్కణ్ణుంచి వచ్చిందో నాకు ఇవాళ్టికీ అంతుపట్టలేదు. హుకింగ్ పాఠం వచ్చినప్పుడల్లా చిరాకెత్తి సుద్దముక్కలు విరిచేస్తున్నాను.

హారిక ఇప్పుడు ఆ కోర్సే చదువుతోంది. బావ మాత్రం "ఆ హుక్కు మల్లీ పెట్రా" అని నా ప్రాణం తోడేశాడు. పడలేక మళ్లీ రాసి పెట్టాను.

"ఎక్కడికి బావా?" అంది పెట్టె.

బావ కాసేపు తెరకేసి చూసి తల అడ్డంగా ఊపాడు.

"ఇది కాదురా."