ట్యూనర్ నొక్కే ఉంది, బేస్ మోగింది

దయ్యాలు, ఆత్మలు అంటే నాకు చిన్నప్పటి నుంచీ నవ్వే. నారాయణగూడలో ఒక డయాగ్నస్టిక్ సెంటర్‌లో రక్తపరీక్షలు చేసే ఉద్యోగం నాది. మెషీన్ చూపించనిది లేనట్టే అని నమ్మేవాణ్ని. ఇంట్లో ఎవరైనా గాలి, ధూళి అని మొదలుపెడితే మధ్యలో లేచి వెళ్లిపోయేవాణ్ని. అలాంటి నేను ఇది రాయడానికి చాలా రోజులు మొహమాటపడ్డాను. జరిగింది జరిగినట్టు చెబుతాను, నమ్మడం నమ్మకపోవడం మీ ఇష్టం.

ఉద్యోగం కాకుండా నాకో పిచ్చి ఉంది, బేస్ గిటార్. నాలుగు లావుపాటి తీగలు, పాట అడుగున దుమ్ దుమ్‌మని మోగుతూ ఉంటుంది. పెళ్లిళ్లలో వాయించే ఒక ఆర్కెస్ట్రాలో నేను బేస్ వాయిస్తాను. పాడేవాళ్లకు చప్పట్లు, డ్రమ్స్ వాడికి ఈలలు, కీబోర్డ్ ఆయనకు వీడియోలో క్లోజప్పులు. బేస్ వాడి దగ్గరికి మాత్రం పెళ్లివారు వచ్చి “బాబూ, ఇంకో పది కుర్చీలు వేయిస్తావా?” అంటారు. ఒట్టు, నన్ను అడిగారు. వేయించాను కూడా.

అందుకే ఈ చుట్టుపక్కల బేస్ వాయించేవాళ్లం కొందరం ఆదివారం పొద్దున నారాయణగూడలో ఒక ఇరానీ హోటల్‌లో కలుస్తాం. నాలుగు తీగలు చాలా, ఐదోది కావాలా? నున్నటి తీగలు మంచివా, గరుకువా? ఈ గొడవలో చాయ్ చల్లారిపోతుంది, బిస్కెట్లు మెత్తబడిపోతాయి, ఎవరూ ఓడిపోరు. మా అందరిలోకీ పెద్దాయన ప్రసాద్ గారు. ఉండేది విద్యానగర్. నేను పుట్టకముందు నుంచీ బేస్ వాయిస్తున్నారు. ఆయన దృష్టిలో మేమంతా ఇంకా పిల్లకాయలమే.

మా ఆర్కెస్ట్రా నడిపేది యాదన్న. కీబోర్డ్ ఆయనే వాయిస్తాడు. ఒకరోజు రిహార్సల్ అయ్యాక నా భుజం మీద చెయ్యేశాడు.

“తమ్మీ, ఫీల్ గాకు. కీబోర్డ్ మీద నా ఎడమ చెయ్యి ఖాళీగనే ఉంటది. బేస్ గూడ నేనే కొడ్త. అసలు బేస్ లేకుంటె ఎవనికన్న తెలుస్తదా, నువ్వే చెప్పు. చిక్కడపల్లి పెండ్లి దాంక చూద్దాం. ఆ తర్వాత బేస్‌కు వేరే మనిషి వద్దనుకుంటున్న.”

ఆ పూట అన్నం సయించలేదు. ఆర్కెస్ట్రాలో చోటు పోతే నాకు మిగిలేవి సూదులు, ట్యూబులు, రిపోర్టులు. నేను నేనుగా ఉండేది ఆ స్టేజీ మీదే.

ప్రసాద్ గారితో చెప్పుకుంటే ఆయన జాలి పడలేదు. “నీ గిటార్ మెడ వంగిపోయిందయ్యా. ఆ డొక్కు శబ్దం వినమంటే ఎవరు వింటారు? పద, మంచిది చూద్దాం” అన్నారు.

అశోక్ నగర్ హాస్టల్‌లో మహేష్ అనే కుర్రాడు తన బేస్ అమ్ముతున్నాడని ఆయనకు తెలుసు. నిజామాబాద్ వైపు ఊరు, గ్రూప్స్ పరీక్షలకు చదువుతున్నాడు. గదిలో మూడు మంచాలు, మంచాల కింద పుస్తకాలు, గోడకు ఆనించి బేస్. గిటార్‌ను పెద్ద శబ్దంతో వినిపించే యాంప్ మాత్రం ఎక్కడా కనిపించలేదు. అడిగితే మహేష్ నవ్వాడు.

“పక్కోళ్లు చదువుకుంటరు గదన్న. యాంప్ పెడ్తె తంతరు. చెక్కకు చెవి ఆనిస్తె నాకు మస్తు ఇనిపిస్తది.”

అంటే అతని వాయింపు అతను తప్ప ఎవరూ విన్నది లేదు. చదువు సాగడం లేదు కాబట్టి అమ్మేస్తున్నానని చెప్పి, చివరిసారిగా బేస్ ఒళ్లోకి తీసుకున్నాడు. నేనూ ప్రసాద్ గారూ వంతులవారీగా చెక్కకు చెవి పెట్టి విన్నాం. ప్రతి చరణం చివర అతని ఎడమచేతి వేలు తీగ మీద పైదాకా జారిపోయేది. ఒక్క క్షణం ఆగి, సరిగ్గా తాళానికి వచ్చి పడేది. మా ఇద్దరికీ పెద్దగా నవ్వు వచ్చింది, అంత బాగుంది.

“ఈ జారుడు ఎవరు నేర్పారయ్యా?” అన్నారు ప్రసాద్ గారు.

“ఎవ్వలు నేర్పలే సార్. వేలు గట్లనే పోతది.”

ఆ బేస్ కొని ఇంటికి తెచ్చుకుని ఆ జారుడు కోసం నేను పడని పాట్లు లేవు. రాలేదు. వదిలేశాను.

పెళ్లి రోజు వచ్చింది. మహేష్ దగ్గర కొన్న బేస్‌తోనే వెళ్లాను. చిక్కడపల్లి ఫంక్షన్ హాల్, మధ్యాహ్నం భోజనాల వేళ. ఇక్కడ ఒక విషయం చెప్పాలి. మా కాళ్ల దగ్గర ట్యూనర్ అని చిన్న పెట్టె ఉంటుంది. కాలితో నొక్కితే ఎర్ర లైటు వెలుగుతుంది, గిటార్ శబ్దం బయటికి పోవడం ఆగిపోతుంది. అప్పుడు చప్పుడు లేకుండా తీగలు శ్రుతి చేసుకుంటాం. అయ్యాక మళ్లీ నొక్కాలి. నొక్కడం మరిచిపోయి వాయించడం మా బేస్ వాళ్లందరూ ఎప్పుడో ఒకప్పుడు చేసే తప్పే.

ఆ రోజు నేను అదే చేశాను. కానీ నాకు తెలియలేదు, ఎందుకంటే బేస్ మోగింది.

మోగడం కూడా మామూలుగా కాదు. మొదటి పాటకే స్టేజీ చెక్కలు అదిరాయి. పెళ్లికూతురి మేనత్త తింటున్న ప్లేటు ఎవరి చేతిలోనో పెట్టి, కొంగు దోపుకుని డాన్స్‌కు దిగింది. ఆమె వెనక అందరూ. నన్ను పరీక్షించడానికని యాదన్న ఎడమ చెయ్యి జేబులోనే పెట్టుకుని ఉన్నాడు. మాటిమాటికీ వెనక్కి తిరిగి నన్నే చూశాడు. జన్మలో అంత సంతోషంగా ఎప్పుడూ వాయించలేదు నేను.

“నీ జాగ నీదే తమ్మీ! ఏం కొట్టినవ్‌ర బై!” అని యాదన్న కావలించుకున్నాడు.

వైరు తీద్దామని వంగాను. ట్యూనర్ మీద ఎర్ర లైటు వెలుగుతూనే ఉంది.

సౌండ్ చూసే అతన్ని అడిగాను. “నీ లైన్ల సిగ్నలే రాలేదన్న. మోగుతుంది గద, నాకెందుకని ఊకున్న” అన్నాడు. ఇంటికొచ్చి ట్యూనర్‌ను పదేపదే నొక్కి చూశాను. ఎర్ర లైటు వెలిగిన ప్రతిసారీ శబ్దం ఆగింది. వైరు మార్చినా అంతే.

ఆదివారం ఇరానీ హోటల్‌లో పెళ్లి వీడియో పెట్టాం. ఫోన్ స్పీకర్‌లో బేస్ సరిగా వినపడదు కాబట్టి ఇయర్‌ఫోన్స్ ప్రసాద్ గారికి ఒకటి, నాకొకటి. ప్రతి చరణం చివర జారుడు వినిపిస్తోంది. ఆ జారుడు వచ్చిన ప్రతిసారీ వీడియోలో నా ఎడమచెయ్యి మాత్రం జారకుండా ఉన్నచోటే ఉంది.

ప్రసాద్ గారు ఇయర్‌ఫోన్ తీసి బల్ల మీద పెట్టారు. “ఇది నువ్వు కాదోయ్. ఆ అశోక్ నగర్ కుర్రాడు” అన్నారు.

నాకు భయం వేసింది. మహేష్‌కు ఏమైనా అయిందేమోనని వెంటనే ఫోన్ చేశాను. అతను హాయిగా టిఫిన్ తింటున్నాడు. పెళ్లి రోజు మధ్యాహ్నం ఎక్కడున్నావని అడిగాను.

“లైబ్రరీలనే ఉన్నన్న. బల్ల మీద నిద్ర బట్టింది. ఏంది టేబుల్ కొడ్తున్నవని పక్కోడు లేపిండు. చూస్తె వేలికి బొబ్బ. చాయ్ గ్లాస్ కాలిందేమో.”

కొన్నాళ్లు మానేసి మళ్లీ వాయిస్తే కుడిచేతి చూపుడు వేలికి, కొనకు కాస్త పక్కగా బొబ్బ వస్తుంది. బేస్ వాయించే ప్రతివాడికీ తెలిసిన సంగతే. ఎక్కడ వచ్చిందని అడిగాను. అక్కడే. జరిగిందంతా చెబితే పడీపడీ నవ్వాడు. “అయితె పెండ్లి భోజనం నాకు బాకీ ఉన్నరన్నట్టు!” అన్నాడు. అతనికి భయమే లేదు. నిజం చెప్పాలంటే, ఆ నవ్వు విన్నాక నాకూ పోయింది.

కానీ ఇంకో బాధ పట్టుకుంది. నాకు దక్కిన చోటు నా వేళ్లు సంపాదించింది కాదు. యాదన్నకు అంతా చెప్పేశాను. “ఎవడు కొడ్తె ఏంది, మోగింది గద” అని కొట్టిపారేశాడు. నాకు మనసొప్పలేదు. ల్యాబ్‌లో అనుమానం వస్తే శాంపిల్ మళ్లీ పెడతాం.

తర్వాతి పెళ్లి కవాడిగూడలో. ఈసారి ట్యూనర్ లైటు ఆర్పి, కళ్లారా చూసుకుని, నా వాయింపు నేను వాయించాను. జారుళ్లు లేవు, నాకొచ్చిందే. జనం బాగానే డాన్స్ చేస్తున్నారు. మంచి ఊపులో ఉండగా ట్యూనర్‌ను కావాలని నొక్కాను. వేళ్లు మాత్రం ఆపలేదు.

ఈసారి ఏమీ మోగలేదు.

పాట సాగుతోంది, డ్రమ్స్ ఉన్నాయి, కీబోర్డ్ ఉంది. అయినా డాన్స్ చేసేవాళ్ల కాళ్లు తడబడ్డాయి. ఒకరినొకరు చూసుకున్నారు. ముందు వరసలో ఒక పెద్దావిడ చేతులు గాల్లోనే ఆపి, స్టేజీ అంతా వెతికి, సరిగ్గా నా మీద చూపు నిలిపింది.

“ఓ బిడ్డా! ఎందుకు బంద్ జేసినవ్? నువ్వు కొడ్తెనే గద మేం ఎగిరేది!”

యాదన్న కీబోర్డ్ వదిలేసి వెనక్కి తిరిగాడు. మొహంలో కోపమో నవ్వో తెలియలేదు. “ఇన్నవా? కొట్టు మరి!” అని అరిచాడు.

చిక్కడపల్లిలో ఆ మధ్యాహ్నం వాయించింది ఎవరో, ఎలాగో నాకు ఇప్పటికీ తెలియదు. ఎన్ని విధాల ఆలోచించినా తెగలేదు. కవాడిగూడలో మాత్రం ట్యూనర్ మళ్లీ నొక్కి, కళ్లలో నీళ్లు తిరుగుతుంటే నవ్వుతూ వాయించింది నేనే. ఆ పెద్దావిడ నన్ను చివరిదాకా ఆపనివ్వలేదు.