ఆదివారం ఫోన్‌లో మాస్టారి దగ్గు

మాస్టారు పోయారన్న కబురు మెక్సికో నుంచి ఫోన్‌లో వచ్చింది. చెప్పింది ఆయన అద్దెకున్న ఇంటావిడ కూతురు. తల్లి వెనకనుంచి స్పానిష్‌లో చెబుతుంటే, బళ్లో నేర్చుకున్న ఇంగ్లీషులో ఆ అమ్మాయి వెతుక్కుంటూ వెతుక్కుంటూ చెప్పింది. ఇక్కడ మా ఊరు నేపర్‌విల్‌లో ఆ పూట మంచు పడుతూనే ఉంది.

మీలో కొందరికి ఆయన తెలిసే ఉంటారు. ఇక్కడి యూనివర్సిటీలో లెక్కలు చెప్పి రిటైరయ్యారు. నేను ఆయన దగ్గరే చదువుకున్నాను. క్లాసులో నేనొక్కదాన్నే ఆడపిల్లని. బోర్డు ముందు లెక్క మధ్యలో ఆగిపోతే, "తెలియదని రాయమ్మా, అక్కణ్ణుంచి మొదలెడదాం" అనేవారు. ఈ దేశంలో నేను నిలబడ్డది ఆ మాట మీదే అనుకుంటాను.

మాస్టారి దంపతులకు పిల్లల్లేరు. 1970ల చివర, ఆ పెద్ద మంచు పడ్డ ఏడు, మేం అమ్మగారని పిలిచే ఆయన భార్య పోయారు. కొద్దిరోజులకే మాస్టారు ఇంటి ముందు ఐసు మీద జారిపడి, లేవలేక, ఎవరో చూసేదాకా అలాగే పడి ఉన్నారు. ఇక అప్పట్నుంచి మంచు అంటే భయం. మొదటి చలిగాలికే కిటికీ తెరలన్నీ వేసేసేవారు.

రిటైరయ్యాక, నవంబరు రాగానే మెక్సికోలో ఒక సరస్సు పక్క ఊరికి వెళ్లిపోయి ఏప్రిల్లో వచ్చేవారు. అక్కడ ఎండ. ఆయన పెన్షన్‌తో గది, వంట అన్నీ హాయిగా అమరేవి.

మా ఆయన ఊరుకునేవారు కాదు. "ఎండా కావాలి, చవకా కావాలంటే గుంటూరుందిగా మాస్టారూ. పైగా ఆవకాయ ఫ్రీ."

"గుంటూరెళితే ప్రతి ఇంట్లోనూ 'ఒక్కడివే వచ్చావా' అంటారయ్యా. మెక్సికోవాళ్లు అదే అడిగినా నాకర్థం కాదు."

నా భయం వేరు. ఆయన గుండె మంచిది కాదు. అంతదూరం వద్దని డాక్టర్ చెప్పారు. పెద్దవాళ్లకి ఇక్కడి సర్కారిచ్చే వైద్య బీమా, మెడికేర్, అక్కడ పనిచేయదు. నొప్పొస్తే ఎవర్ని, ఏ భాషలో పిలుస్తారు?

"భాషెందుకు, మూలిగితే చాలదూ?" అన్నారు. నవ్వబోయాను గానీ నవ్వు రాలేదు.

అందుకని ఒక ఏర్పాటు చేసుకున్నాం. మనవాళ్లందరికీ తెలిసిన ఉపాయమే. ఫలానా మనిషితోనే మాట్లాడాలని ఆపరేటర్‌కి చెప్పి కలెక్ట్ కాల్, అంటే అందుకున్నవాళ్లు డబ్బు కట్టే కాల్, చేస్తారు. ఆ మనిషి లేరంటే ఎవరికీ ఖర్చుండదు, క్షేమమన్న కబురు మాత్రం అందుతుంది. మాస్టారు ప్రతి ఆదివారం మా ఇంటికి చేసి, పోయిన అమ్మగారి పేరు చెప్పి అడిగేవారు. నేను "ఆవిడ లేరు" అనాలి.

"ఇంకో పేరేదైనా పెట్టుకుందాం మాస్టారూ" అన్నాను మొదటి ఏడు.

"ఇంకో పేరైతే మర్చిపోతాను. నీ గొంతు నాకు వినబడుతుంది, నా దగ్గు నీకు వినబడుతుంది. ఇంకేం కావాలి?"

ఆదివారం మధ్యాహ్నాలు ఫోన్ దగ్గర్నుంచి కదిలేదాన్ని కాదు. మా అమ్మాయి ఫ్రెండ్‌కి కాల్ చేయబోతే కసిరేదాన్ని. "తాతగారు ఓకేనే మమ్మీ, యూ వర్రీ టూ మచ్" అని విసుక్కునేది. మోగితే భయం, మోగకపోతే ఇంకా భయం. "ఆవిడ లేరు" అని చెప్పి పెట్టేసేదాన్ని. నిజానికి అబద్ధం కూడా కాదు కదా.

మొన్న జనవరిలో ఒక ఆదివారం ఆ దగ్గు ఆగలేదు. ఆపరేటర్ అమ్మగారి పేరు అడుగుతోంది, వెనక ఆయన దగ్గుతూనే ఉన్నారు.

"నేనే ఆవిణ్ణి. యాక్సెప్ట్ చేస్తున్నాను" అనేశాను.

దగ్గు ఆపుకుని, "ఎందుకమ్మా దండగ" అన్నారు.

"ఒంట్లో ఎలా ఉంది మాస్టారూ?"

"జలుబు, అంతే."

"భయంగా ఉందా?"

"ఉంది. అక్కడా ఉండేది. ఇక్కడైతే వెచ్చగా కూర్చుని భయపడొచ్చు."

"మా ఆయన్ని పంపిస్తాను, వచ్చేయండి."

"ఆ మంచులోకా? వద్దు తల్లీ. పెట్టేయ్, బిల్లు తడిసి మోపెడవుతుంది."

ఇంకా గట్టిగా పట్టుబట్టాల్సిందా? ఇక్కడి ఆస్పత్రిలోనైతే ఇంకో ఏడాది ఉండేవారేమో. ఉన్నా, ఆ తెరలు వేసిన గదిలోనేమో. తెలియదు. తెలియదని రాశాను, కానీ ఎక్కణ్ణుంచి మొదలెట్టాలో చెప్పేవారు లేరు.

కబురు చెప్పిన ఆ ఇంటావిడ కూతుర్ని నేనడిగింది ఒకటే. "అప్పుడు ఒక్కరే ఉన్నారా?"

తల్లినడిగి చెప్పింది. పొద్దున్నే వరండాలో కుర్చీ వేయించుకున్నారట. నీడ వచ్చినప్పుడల్లా వాళ్లమ్మ వెళ్లి కుర్చీ జరిపేదట, రోజూ అంతేనట. ఆ పూట కూడా జరపడానికి వెళ్లి పిలిస్తే పలకలేదట. చేయి పట్టుకుంటే ఆవిడకి తెలిసిపోయిందట. అయినా, ఎవర్నీ కేకేయకముందు, కుర్చీతో సహా ఆయన్ని మెల్లగా ఎండలోకి జరిపిందట.