చిన్నాయన బీడీ

నిన్న ఇస్త్రీపెట్టె కింద చీర మాడింది. ఆ వాసనకు మా ఊరి మగ్గాల షెడ్డు గుర్తొచ్చి ఒళ్లు మండిపోయింది.

నేను మూడో తరగతిలో ఉండగా, బాపుకు సద్ది తీసుకెళ్లేసరికి షెడ్డులో నేసిన బట్ట కాలి ఉంది. సేటు కేకలేస్తున్నాడు.

"మా అన్ననే సేటూ! బీడీ తాగకే అంటే ఇనలే," అన్నాడు పక్క మగ్గం నడిపే చిన్నాయన.

బాపు తలొంచుకున్నాడు. సేటు అప్పుడే పనిలోంచి తీసేశాడు.

దొంగచాటుగా తాగుతాడా అని నాకు బాపు మీదే కోపమొచ్చింది. ఇంటికొచ్చాక దగ్గరికెళ్లి నోరు వాసన చూశాను. ఉల్లిగడ్డ వాసన తప్ప ఏమీ లేదు.

"నువ్వు తాగలే కదా బాపూ, మరి చెప్పకపోతివి?"

"బీడీ వానిదే బిడ్డా. చెప్తే వాన్ని తీసేస్తుండె."

బాపు ఆ సంగతి ఎప్పుడో మరిచిపోయాడు. చిన్నాయన ఎదురుపడితే నాకు మాత్రం ఈనాటికీ పలకరించబుద్ధి కాదు.