గుంట గట్టు మీద ఎంటెక్

నీటి ఇంజనీరింగులో ఎంటెక్ సీటు వచ్చిందని చెప్పగానే మా అమ్మ అడిగిన మొదటి మాట, "ఎవరి కింద పని చెయ్యాలి?"

ఆమె అలా అడగడానికి కారణం ఉంది. అది పని చేస్తూ చదివే సీటు. వారమంతా నీటికి సంబంధించిన ఏదో ఒక పనిలో ఉండాలి, శని ఆదివారాలు నెల్లూరులో తరగతులు. పనిలో పెట్టుకున్న యజమాని సంతకం చేసి కాగితం ఇస్తేనే సీటు ఖాయం. మధ్యలో పని మానేస్తే చదువూ పోతుంది. అప్పటికి నేను ఒక ప్రైవేటు స్కూల్లో లెక్కలు చెబుతున్నాను. ఇల్లు నా జీతం మీదే నడిచేది, కాబట్టి ఊరికే కూర్చుని చదివే చదువు నాకు కుదరదు. ఈ సీటు పోతే ఆ స్కూల్లోనే ముసలిదాన్ని అవుతానని నాకు తెలుసు.

నెల్లూరంతా తిరిగాను. సైటు మీదికి ఆడపిల్లను పంపలేమని కాంట్రాక్టర్లు అన్నారు. ఆఫీసుల్లో అయితే లోపలికే రానివ్వలేదు. చివరికి మిగిలింది మా ఊరి రొయ్యల గుంటల యజమాని ఒక్కడే.

ఆ గుంటలు ఒకప్పుడు మావి. ఇందుకూరుపేట దాటాక సముద్రం వైపు మాకున్న వరి పొలాన్ని తవ్వించి మా నాన్నే గుంటలు చేయించారు. మొదట్లో డబ్బు కళ్ళజూశాం. తర్వాత తెల్లమచ్చ రోగం వచ్చి రొయ్యలన్నీ చచ్చాయి. మళ్ళీ వేశారు, మళ్ళీ చచ్చాయి. గుంటలు అమ్మేశాక నాన్న ఎక్కువ కాలం బతకలేదు. వాటిని కొన్నాయన తండ్రి మా తాత దగ్గర కూలి చేసిన మనిషి. ఎవరినీ తక్కువ చేయడానికి ఇది రాయడం లేదు. ఊళ్ళో అందరికీ తెలిసిన సంగతి, నా ఇబ్బంది కూడా అదే.

మా గడపలోకి వచ్చి అడిగినవాళ్ళే గాని, మేము ఒకరి గడపకు వెళ్ళి అడిగింది లేదు. అడగడం ఎలాగో నాకు నిజంగా తెలియదు. అమ్మ సంచిలో అరటిపళ్ళు, బత్తాయిలు పెట్టి ఇచ్చింది. "ఊరికే చూసిపోదామని వచ్చినట్టు వెళ్ళు. వాళ్ళే కనుక్కుంటారు" అంది. పండ్లు పట్టుకెళితే అది చుట్టపుచూపు అవుతుంది, ఇక పని మాట ఎత్తకూడదు. ఆ మర్యాద మా ఇద్దరికీ తెలుసు. అయినా వట్టి చేతులతో వెళ్ళడం మా వల్ల కాలేదు.

నన్ను చూడగానే ఆయన అన్నం ముందు నుంచి లేచాడు. "అమ్మాయిగారా! కబురు చేసింటే నేనే వచ్చేవాణ్ణి గదా" అంటూ చెయ్యి కడుక్కున్నాడు. ఆయన భార్య సంచి అందుకుని, "ఇవన్నీ ఎందుకమ్మా" అంటూనే కాఫీ పెట్టింది. అమ్మ మోకాళ్ళ నొప్పి ఎలా ఉందని అడిగారు, బాగుందన్నాను. స్కూలు ఎలా ఉందని అడిగారు, బాగుందన్నాను. ఏది అడిగినా నా నోట బాగుందనే వచ్చింది. కాఫీ అయిపోయింది. నేను లేచి నిలబడ్డాను.

"ఉండమ్మా, ప్రార్థన చేసుకోకుండా పంపిస్తామా" అని ఆమె కొంగు తల మీదికి లాక్కుంది. వాళ్ళు చర్చికి వెళ్ళేవాళ్ళు. ఇంటికి వచ్చిన మనిషిని ప్రార్థన చేయకుండా పంపరు. "దేని గురించి చెయ్యమంటావమ్మా? ఏదన్నా అవసరం ఉండాదా?"

ఆమె అడుగుతున్నది దేవుడికి చెప్పడానికి. దేవుడికి చెప్పుకోవడం ఆమె భర్తను అడగడం కిందికి రాదు కదా అనుకున్నాను.

"ఒక సీటు వచ్చింది. పని దొరికితేనే నిలుస్తుంది."

"ఏం పనమ్మా?"

"నీళ్ళకు సంబంధించిన పని."

ఆమె కళ్ళు మూసుకుంది. "పరిశుద్ధుడవైన తండ్రీ, ఈ బిడ్డ చదువు కోసం నీ సన్నిధిలో వేడుకుంటున్నాం తండ్రీ. నీళ్ళ పని కావాలంట తండ్రీ. నీళ్ళతో యాపారం చేసే మనిషి ఈ ఊళ్ళో ఎవరుండారో నీకు తెలుసు తండ్రీ. ఆ మనిషి గుండెను మెత్తబరచు తండ్రీ."

నేను కళ్ళు మూసుకోలేదు. ఆయన ఒక కన్ను తెరిచి భార్య వైపు చూడటం చూశాను. ఆమె ప్రార్థన ముగించి ఆగింది. ఆమెన్ అనవలసిన ఆయన నోరు మెదపలేదు. ఆమె కళ్ళు మూసుకునే గొంతు సవరించుకుంది. అప్పుడు ఆమెన్ అన్నాడు.

"ఇదేందే, దేవుణ్ణి నా మీదికే తోలినావు?"

"నేనేమన్నా నీ పేరు చెప్పినానా?" అని ఆమె కాఫీ గ్లాసులు తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది.

ఆయన నా వైపు తిరిగాడు. "నోరు తెరిచి అడగొచ్చు గదా అమ్మాయిగారూ. మా నాయన మీ తాతను అడగని ఏడాది లేదు."

నేను చెప్పుల వైపు నడిచాను.

"కాగితం రేపే ఇస్తా. మీరు గుంటలకాడికి రాబళ్ళేదు. ఇంటికాడ కూర్చొని చదువుకోండి. మీచేత పని చేయించినానంటే ఊరు నా మొహాన ఉమ్ముద్ది."

"పని చేయకుండా కాగితం తీసుకోను. అందరిలాగే చేస్తాను."

"అందరిలాగానా?" అని ఆయన నవ్వాడు. ఆ నవ్వు నాకు నచ్చలేదు. ఎందుకు నవ్వాడో మాత్రం తర్వాత అర్థమైంది.

సీటు నిలబడింది. స్కూలు మానేసి గుంటల మీద జీతానికి చేరాను. పొద్దున్నే వెళ్ళి ప్రతి గుంటలో ఉప్పు ఎంత ఉందో, ప్రాణవాయువు ఎంత ఉందో కొలవడం, మోటార్లు, నీళ్ళలో గాలి కలిపే ఏరేటర్లు చూసుకోవడం నా పని. నేను గట్టు ఎక్కగానే పనివాళ్ళు లేచి నిలబడేవారు, మాటలు ఆపేసేవారు. ఎక్కడికి వెళ్ళినా ఒకడు నా వెనకాలే ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి వేసేవాడు. కూర్చుంటే పని సాగదు, నిలబడితే వాళ్ళు కూర్చోరు. వాళ్ళు గుంపుగా అన్నం తినేవారు, నేను మోటారు గదిలో తినేదాన్ని. తలుపు తీస్తే మా నాన్న తవ్వించిన నీళ్ళు, వాటి మీద ఉప్పు గాలి. అక్కడ ఉండలేను. వదిలిపోతే చదువు ఉండదు.

ఒకరోజు పెద్ద వాన పడింది. గుంట నిండిపోతుంటే తూముకు అడ్డంగా ఒకదాని మీద ఒకటి పెట్టిన పలకల్లో అడుగు పలక తీయించాను. మా వరి మళ్ళకు అలాగే చేసేవారు. ఇక్కడ వాన నీరు ఉప్పునీటి మీద తేలుతుంది, పై పలక తీసి దాన్ని వదిలేయాలి. తరగతిలో ఆ పాఠం నాకు చెప్పారు కూడా. నేను రొయ్యలకు కావలసిన ఉప్పునీటిని పోగొట్టి వాన నీటిని ఉంచాను.

యజమాని వచ్చి, "ఎవుర్రా అడుగు పలక తీసింది?" అని అరిచాడు.

"నేను తీయించాను" అన్నాను.

నా వైపు చూడలేదు. కాపలాదారు మీద పడ్డాడు. "అమ్మాయిగారికి తెలీదు, నీకు తెలీదంట్రా? నీ కళ్ళు యాడ పెట్టుకున్నావు?" ఆ తిట్లన్నీ నావి. వాటిని ఇంకొకడు తలవంచుకుని తిన్నాడు.

సెమిస్టరు చివర నా పని ఎలా ఉందో యజమాని రాసి కాలేజీకి పంపాలి. ఆయన పంపాడు. మా ప్రొఫెసరు నన్ను పిలిచి చదివి వినిపించారు. "వీరు చాలా గొప్ప కుటుంబంలో పుట్టినారు. వీరి తాతగారు ధర్మాత్ములు. వీరు మా దగ్గరకు రావడం మా అదృష్టం."

"ఏమ్మా, పెళ్ళి సంబంధానికి రాసినట్టుంది. నువ్వు చేసిన పని ఏదీ?" అన్నారాయన. పని గురించి రాయకపోతే ఈ సెమిస్టరు లెక్కలోకి రాదని, అది రాకపోతే సీటు రద్దవుతుందని చెప్పారు.

సోమవారం యజమానిని మోటారు గది దగ్గర పట్టుకున్నాను. "మళ్ళీ రాయండి. పని గురించి రాయండి."

"ఏం రాయను? మీ మీద తప్పులు రాయనా?"

"అడుగు పలక తీసిన సంగతి రాయండి."

"నా చేత్తో రాయలేను అమ్మాయిగారూ."

"మీరు రాయకపోతే నా చదువు ఆగిపోతుంది. రాయండి, మిమ్మల్ని అడుగుతున్నాను."

ఆయన మోటారు పెట్టె మీద కాగితం పెట్టుకున్నాడు. రాస్తూ పైకి చదివాడు. వాన రోజు అడుగు పలక తీయించి ఉప్పునీళ్ళు పోగొట్టినారు. అక్కడితో ఆగుతాడనుకున్నాను. "ఇంకోటి గూడా ఉండాది" అని మళ్ళీ వంగాడు. ఏరేటరు ఆపి మరిచిపోయినారు. మేత వేసేవాళ్ళతో మాట్లాడరు. ఎవురన్నా చెప్పబోతే మొహం తిప్పుకుంటారు. తెలీనిది అడగరు. పనివాళ్ళు పని మానుకొని వింటున్నారు. ఎవరూ నవ్వలేదు.

"అయిపోయిందా?" అన్నాను.

"ఉండండి, ఎనక పక్క ఖాళీ ఉండాది గదా" అని కాగితం తిప్పాడు.

ఆ సెమిస్టరు లెక్కలోకి వచ్చింది. ఇంకా మూడు ఉన్నాయి. ప్రతిదానికీ ఆయన రాయాలి, రాసినంతసేపూ నేను ఎదురుగా నిలబడాలి.